పదకొండు సున్నాలు

చేపల పరిశోధన కేంద్రం,
దీవి.
ఫిబ్రవరి 9

చిన్నోడా,

దీవికి వచ్చి పది రోజులైంది. ఇక్కడ ఫోను పలకదు. కొండ చివర నిలబడి చెయ్యి పైకెత్తితే ఒక గీత కనపడి మాయమైపోతుంది. మంగళవారం మంగళవారం లాంచి వస్తుంది, ఉత్తరాలూ కూరగాయలూ దాంట్లోనే. అందుకని నువ్వు కూడా కాగితం, కలం వెతుక్కో. నీ దస్తూరీ చూసి ఎన్నాళ్ళైందో. ముప్ఫై ఏళ్ళొచ్చాయి, ఇంకా అలాగే కోడి గీకినట్టు రాస్తావో, బాగుపడ్డావో చూడాలి.

నా పని మలుగుపాములతో. పేరుకి పాము గానీ అది చేపే. బతుకంతా ఏటిలో, మంచినీళ్ళలో గడిపి, గుడ్లు పెట్టే వేళకి సముద్రంలోకి పోతుంది. ఆ మారే రోజుల్లో దాని ఒంట్లో ఏం జరుగుతుందో చూడటమే మా కేంద్రం పని. వాటికి మేత పెట్టడం, తొట్లలో ఉప్పు రోజుకి కొంచెం కొంచెం పెంచడం, నీళ్ళు పరీక్షించి రాయడం నా వంతు.

నీకు తెలిసిన సంగతే అయినా చెబుతాను, ఇక్కడ చెప్పుకోవడానికి మనుషులు లేరు. ఏటిలో ఉన్న చేప ఒంట్లోకి నీళ్ళు ఊరికే ఊరుతూనే ఉంటాయి. అందుకని అది నీళ్ళు తాగదు, ఉన్న నీళ్ళని పోస్తూనే ఉంటుంది. పోయే ఉప్పుని మొప్పలతో తిరిగి పట్టుకుంటుంది. సముద్రంలోకి వెళ్ళగానే అంతా తలకిందులు. ఒంట్లో నీళ్ళని సముద్రం లాగేసుకుంటుంది. చుట్టూ అన్ని నీళ్ళుండి కూడా దానికి దాహమే. ఆ ఉప్పునీళ్ళే తాగి, ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెట్టేసి బతుకుతుంది. ఈ మార్పిడికి రెండు వారాలు పడుతుంది. తొందరపెడితే చచ్చిపోతుంది.

నీ వార్డు కబుర్లు రాయి. అన్నం వేళకి తింటున్నావా?

మీ అక్క

*

ఆస్పత్రి క్వార్టర్సు, మూడో అంతస్తు.
మార్చి 2

అక్కా,

దస్తూరీ బాగుపడలేదు, చూసుకో.

నీ ఉత్తరం వార్డులో చదివి వినిపించాను. నాలుగు గంటలు డయాలిసిస్ మెషిన్ పక్కన కదలకుండా పడుకునే వాళ్ళకి ఏ కబురైనా సినిమాలాంటిదే. ఒకటో మంచం మీద బస్సు కండక్టరుగారున్నారు. ఎనిమిదేళ్ళుగా వస్తున్నారు, నాకంటే సీనియరు. నేను సూది గుచ్చడానికి వెళ్తే, "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అంటారు. మలుగుపాము సంగతి విని, "మీ అక్కగారిని అడుగు, దానికి రోజుకి ఎన్ని గ్లాసులు రాశాడు డాక్టరు?" అన్నారు. వార్డంతా నవ్వింది. వాళ్ళందరికీ రోజుకి రెండు గ్లాసులే కదా.

రెండో మంచం దర్జీ ఆవిడ. ఎడమ చేతికి సూదులుంటే కుడి చేత్తోనే గుండీలు కుడుతుంది. బట్టని పళ్ళతో పట్టుకుంటుంది. వద్దంటే వినదు. నా చొక్కాకి ఊడిన గుండీ నన్నడక్కుండానే కుట్టేసింది.

నువ్వు తొట్టిలో నీళ్ళు చూసినట్టే నేనూ నీళ్ళే చూస్తాను. ఒక్కో మనిషికి ఒక్కో పూటకి నూట ఇరవై లీటర్లు పోతాయి. నువ్వూ నేనూ తాగే నీళ్ళు పేగులోంచి వెళ్తాయి. వీళ్ళకి పల్చటి పొర ఒక్కటే అడ్డు, అటు నెత్తురు, ఇటు నీళ్ళు. అందుకని కుళాయి నీళ్ళు ముందు క్లోరిన్‌ని పట్టేసే రెండు బొగ్గు ట్యాంకుల్లోంచి వెళ్ళాలి, తర్వాత ఆర్వో. వార్డు వెనక చిన్న గదిలో ఇవన్నీ ఉంటాయి. ప్రతి పూటా మెషిన్లు పెట్టబోయే ముందు, బొగ్గు దాటి వచ్చిన నీళ్ళలో మందు చుక్కలు వేసి క్లోరిన్ చూసి పుస్తకంలో రాయాలి. మూడేళ్ళుగా నేను రాసేది ఒకటే అంకె: సున్నా. రంగు మారనే మారదు.

ఎండలు అప్పుడే మొదలయ్యాయి. కుళాయి నీళ్ళు వాసన కొడుతున్నాయి. అన్నం వేళకే తింటున్నాను. అబద్ధం కాదు, వేళే కొంచెం అటూ ఇటూ అవుతోంది.

నీ తమ్ముడు

*

దీవి.
ఏప్రిల్ 1

చిన్నోడా,

కండక్టరుగారికి చెప్పు, మలుగుపాముకి గ్లాసుల లెక్క లేదు గానీ, అసలు నీళ్ళే తాగకుండా బతికే జీవి ఒకటుంది. ఎడారిలో ఉండే ఎలుక. ఎండు గింజలు తిని, ఆ గింజ ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే తేమతోనే సరిపెట్టుకుంటుంది. దాని మూత్రం చిక్కటి పాకంలా ఉంటుంది, ఒక్క చుక్క వృథా చెయ్యదు. ఆయన దాన్ని ఆదర్శంగా తీసుకోవచ్చు.

ఇక్కడ రాళ్ళ మీద సముద్రపు పక్షులు వేలల్లో ఉన్నాయి. మొదటి రోజు చూసి అన్నిటికీ జలుబు చేసిందనుకున్నాను. ముక్కుల్లోంచి చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. అది ఉప్పట. కళ్ళ పైన వాటికో గ్రంథి ఉంది, తాగిన సముద్రంలోని ఉప్పునంతా అది వడకట్టి ముక్కు మీదుగా వదిలేస్తుంది. దర్జీ ఆవిడకి ఈ సంగతి చెప్పు, నవ్వుతుంది.

మొదటి తొట్టిలోని ఆరు మలుగుపాములు పూర్తి సముద్రపు నీటికి వచ్చేశాయి. వెండిలా మెరుస్తున్నాయి. నాకు మాత్రం గట్టి మనిషినని పేరొచ్చింది. పెద్దాయన, అంటే మా డైరెక్టరుగారు, ఉప్పు ఒకేసారి పెంచేద్దామంటే కుదరదన్నాను.

నీ ఉత్తరం కోసం రెండు లాంచీలు చూశాను.

మీ అక్క

*

క్వార్టర్సు.
ఏప్రిల్ 26

అక్కా,

ఎక్కువ రాయలేను. పని ఎక్కువగా ఉంది.

ఒక సంగతి అడగాలి. కుళాయి నీళ్ళు తిన్నగా తొట్టిలో పోస్తే చేపలకి ఏమవుతుంది? వెంటనే తెలుస్తుందా? ఎంతసేపటికి తెలుస్తుంది? తెలిశాక నీళ్ళు మార్చేస్తే బతుకుతాయా?

ఊరికే అడుగుతున్నాను. పక్షుల సంగతి వార్డులో చదవలేదు. కండక్టరుగారు రావడం లేదు.

నీ తమ్ముడు

*

దీవి.
మే 3

చిన్నోడా,

అడిగావు కాబట్టి ముందు జవాబు రాస్తాను. కుళాయి నీళ్ళలో వట్టి క్లోరిన్ ఉంటే ఒకరోజు ఎండలో పెడితే పోతుంది. కానీ కొన్ని ఊళ్ళలో ఎండాకాలం దానికి అమ్మోనియా కలుపుతారు, చాలాసేపు నిలవుంటుందని. అది ఎండకి పోదు. మనం తాగితే ఏమీ కాదు. చేపకి మాత్రం మొప్పల్లోంచి నేరుగా నెత్తురులోకి దిగుతుంది. నెత్తురు గాలిని పట్టుకోలేకపోతుంది. మొప్పలు ముదురు గోధుమ రంగుకి తిరుగుతాయి. నీళ్ళ నిండా గాలున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. గంటలోనే తెలుస్తుంది. చూసిన వెంటనే మారిస్తే కొన్ని బతుకుతాయి. ఆలస్యమైతే బతకవు.

ఇక్కడిదాకా రాసి కలం కింద పెట్టాను.

లాంచి నడిపే సరంగు తెచ్చిన పేపరు నాలుగు రోజుల పాతది. మూడో పేజీలో కింద చిన్న వార్త ఉంది. డయాలిసిస్ వార్డులో ముగ్గురు చనిపోయారని, ఎండదెబ్బ కారణమని ఆస్పత్రి వాళ్ళు చెప్పారని. మీ ఊరి పేరే ఉంది. ఆస్పత్రి పేరు వెయ్యలేదు.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. చేపల గురించి నువ్వెప్పుడూ ఊరికే అడిగిన మనిషివి కావు.

నీ వార్డేనా?

అక్క

*

క్వార్టర్సు.
మే 9

అక్కా,

నా వార్డే.

రాస్తే గానీ ఊపిరాడేలా లేదు. చదివాక చింపెయ్యి.

ఏప్రిల్ మొదట్లో పరీక్ష మందు సీసా అయిపోయింది. కావాలని రాసిచ్చాను. స్టోరువాళ్ళు రెండు రోజులన్నారు, తర్వాత ఇంకో వారం అన్నారు. మా ఇంజినీరుగారిని అడిగాను, మందు లేకుండా పుస్తకంలో ఏం రాయమంటారని. ఆయన తలెత్తకుండానే, "మూడేళ్ళ నించీ సున్నాయే కదా, సున్నా వేసెయ్" అన్నాడు.

ఖాళీగా వదిలేస్తే మెషిన్లు పెట్టకూడదు, అది నియమం. పొద్దున్న ఆరింటికే వరండాలో ఆరుగురు కూర్చుని ఉంటారు. కాళ్ళు వాచి, మొహాలు ఉబ్బి, మాట్లాడితే ఆయాసం. ఒక్క పూట తప్పితే వాళ్ళకెలా ఉంటుందో నాకు తెలుసు. వెనక్కి పంపడానికి నోరు రాలేదు. సున్నా వేశాను. రెండో రోజు వెయ్యడం తేలికైంది. అలా పదకొండు రోజులు వేశాను, అక్కా. పదకొండూ నా దస్తూరీయే.

ఆ రోజుల్లోనే ఊరి నీళ్ళ మందు మార్చారు. నువ్వు రాసిందే, అమ్మోనియా కలిపారు. ఆస్పత్రులకి కాగితం కూడా పంపారు. అది ఇంజినీరుగారి బల్ల మీద ఫైళ్ళ కింద ఉండిపోయింది. కాగితం నాకు తెలియదు, నిజం. కానీ వాసన తెలుసు. చేతులు కడుక్కుంటుంటే రోజూ ముక్కుకి తగిలేది. బొగ్గు మార్చి ఎన్నాళ్ళైందో కూడా తెలుసు. మార్చాల్సిన గడువు దాటి నాలుగు నెలలు.

పదిహేడో తారీకు పొద్దున్న మెషిన్లు పెట్టాను. గంట గడిచాక కండక్టరుగారు నడుం నొప్పి అన్నారు. ఆయనెప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు కదా అనుకున్నాను. మరో పావుగంటకి, "బాబూ, ఛాతీ పట్టేస్తోంది, తీసెయ్" అన్నారు. నేను రక్తపోటు చూశాను. కొంచెం తక్కువగా ఉంది. "కాసేపు ఓర్చుకోండి సార్, ఇంకెంత, అయిపోతుంది" అన్నాను. ఆయన మళ్ళీ ఏమీ అనలేదు.

దర్జీ ఆవిడ చేతిలో బట్ట జారిపోయి వాంతి చేసుకుంది. శుభ్రం చెయ్యబోతూ ట్యూబు వైపు చూశాను. నెత్తురు గోధుమ రంగులో ఉంది. ఒకటో మంచం చూశాను, అదే రంగు. మూడు, నాలుగు, అన్నీ అదే. అప్పుడు ఆపాను. ఆరు మెషిన్లూ ఆపేసరికి కండక్టరుగారు మొదట తీసెయ్యమని అడిగి నలభై నిమిషాలైంది.

దర్జీ ఆవిడ ఆ సాయంత్రమే పోయింది. కండక్టరుగారు మూడో రోజు. ఇంకో పెద్దాయన, కొత్తగా వచ్చినాయన, వచ్చి రెండు వారాలే. ఆయన్ని నేను సరిగ్గా పలకరించను కూడా లేదు.

రెండు రోజుల్లో బొగ్గంతా మార్పించేశారు. పాతది లారీలో ఎక్కించి ఎక్కడికో పంపేశారు. ఇంజినీరుగారు నన్ను గదిలోకి పిలిచి తలుపేసి, "పుస్తకం చక్కగా ఉంది. రోజూ సున్నా. నువ్వు నోరు మెదపకపోతే ఎండ మీదికి పోతుంది. మెదిపితే ముందు పోయేది నువ్వే, రాత నీది" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కదా.

పై నించి విచారణకి ఒక ఆవిడ వస్తోందంటున్నారు. పుస్తకం చూసి వెళ్ళిపోతుంది. అంతే.

దీన్ని చింపెయ్యి.

నీ తమ్ముడు

*

దీవి.
మే 12

తమ్ముడూ,

వచ్చే మంగళవారందాకా ఆగలేక, లాంచిని కాసేపు ఆపమని సరంగుని బతిమాలి ఈ ఉత్తరం పంపుతున్నాను.

నీ ఉత్తరం చింపలేదు. ఎవరికీ చూపించను, నీ బదులు నేను మాట్లాడను. కానీ చింపమని మాత్రం నన్నడగకు.

నువ్వొకటి మర్చిపోయావు. ఆ నీళ్ళు ఒక్క మీ ఆస్పత్రికే వస్తున్నాయా? ఆ ఊళ్ళో ఇంకెన్ని చోట్ల ఈ మెషిన్లున్నాయి? అక్కడ బొగ్గు ఎప్పుడు మార్చారో నీకు తెలుసా? ఎండ వల్లే అని కాగితం మీదికి ఎక్కితే, ఇంకెవరూ వెళ్ళి వాళ్ళ నీళ్ళు చూడరు. రేపు పొద్దున్న ఇంకో వరండాలో ఇంకో ఆరుగురు కూర్చుంటారు. ఇది నువ్వొక్కడివే చెప్పగలవు.

ఇంతటితో ఆపేస్తే నీకు బుద్ధులు చెప్పినదాన్ని అవుతాను. ఆ అర్హత నాకు లేదు. అందుకని ఇది కూడా రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళుగా రాయాల్సింది.

అమ్మకి కిడ్నీలు పోయిన ఏడు నీకు పదకొండు, నాకు పంతొమ్మిది. రోజుకి రెండు గ్లాసుల కంటే నీళ్ళివ్వద్దని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం నాన్న మందుల కోసం వెళ్తూ నిన్ను అమ్మ మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూయకుండా చూడమన్నాడు. ఆయన వచ్చేసరికి చెంబు ఖాళీగా ఉంది, నువ్వు నిద్రపోతున్నావు. సాయంత్రానికి అమ్మకి ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చేసింది. తెల్లారేసరికి లేదు. నువ్వు నిద్రపోతే అమ్మే లేచి తాగేసిందని నాన్న అనుకున్నాడు. నువ్వూ అదే అనుకున్నావు.

అమ్మ లేవలేదు. లేచే ఓపిక ఎక్కడిది? నేనిచ్చాను. వంటింట్లోంచి వచ్చేసరికి నువ్వు నిద్రలో ఉన్నావు. అమ్మ నావైపు చూసి, "ఒక్క చెంబు, నిండా" అంది. పెదాలు పగిలి అతుక్కుపోయాయి. వారం రోజులుగా అడుగుతోంది. నేను నిండా ముంచి తెచ్చి తాగించాను.

నాన్న నిన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఆర్నెల్లు నీతో మాట్లాడలేదు. నువ్వు బడినించి వచ్చి ఒక మూల కూర్చునేవాడివి. నేను రోజూ చెబుదామనుకుని, రేపు చెబుదాంలే అనుకున్నాను. తర్వాత చాలా ఆలస్యమైపోయింది అనుకున్నాను. నాలుగేళ్ళ కింద నాన్న కూడా పోయాడు. ఇంక చెప్పి ప్రయోజనమేంటి అనుకున్నాను.

నువ్వు ఈ పనిలో చేరుతున్నానని చెప్పిన రోజు, ఎందుకు చేరుతున్నావో నాకు తెలుసు. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఒక రోజు దాస్తే రెండో రోజు తేలికవుతుందని నువ్వు రాశావు. నాకు తెలుసురా.

అక్క

*

దీవి.
జూన్ 16

తమ్ముడూ,

ఐదు లాంచీలొచ్చాయి. నీ నించి ఏమీ లేదు. కోపంగా ఉంటే ఉండు. బతికున్నానని ఒక ముక్క రాయి చాలు.

అక్క

*

ఊళ్ళో, అద్దె గది.
జూలై 20

అక్కా,

బతికే ఉన్నాను. క్వార్టర్సు ఖాళీ చేయించారు, పైన కొత్త చిరునామా చూసుకో.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే విచారణావిడ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం పేజీలు తిప్పుతోంది. తిప్పడం అయిపోయి మూసెయ్యబోతుంటే, ఆ సున్నాలు పరీక్ష చేసి రాసినవి కావని చెప్పాను. ఆవిడ కలం మూత తీసి, "మొదటి నించీ చెప్పండి" అంది. రెండు గంటలు చెప్పాను. ఇంజినీరుగారు పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆ వారంలోనే ఊళ్ళో మెషిన్లున్న చోటల్లా నీళ్ళు పరీక్షించారు. రెండు చోట్ల బొగ్గు అయిపోవచ్చింది. ఒక చోట అప్పటికే ఇద్దరికి నెత్తురు తగ్గుతోందట, ఎందుకో తెలియక ఎక్కిస్తున్నారట. ఆ మెషిన్లు ఆపేశారు. వాళ్ళు బాగానే ఉన్నారు. ఇది నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

నన్నూ ఇంజినీరుగారినీ తీసేశారు. ఇద్దరి మీదా కేసు పెట్టారు. ఎనిమిది రోజులు లోపల ఉన్నాను. వాయిదాలు మొదలయ్యాయి. శిక్ష పడుతుందని వకీలు అన్నాడు, ఎంతన్నదే తేలాలి. ఈలోపు ఒక గోడౌన్లో డబ్బాలు మోస్తున్నాను.

ఇప్పుడు అమ్మ సంగతి. నీ ఉత్తరం చదివి రెండు నెలలు నీకు రాయలేకపోయాను. నువ్వు చెప్పేశావు కాబట్టి నాకు తేలికైందనుకోకు. కాలేదు. పంతొమ్మిదేళ్ళు, అక్కా. నేను కుర్చీలో కూర్చుంటే నిద్రపోను, నీకు తెలుసా? బస్సులో కూడా నిద్రపోను. నాన్న ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను పక్కన కూర్చోబోతే, "అక్కని రమ్మను" అన్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు. విన్నావు. వచ్చి కూర్చున్నావు.

అమ్మకి నీళ్ళిచ్చినందుకు నాకు కోపం లేదు. మూడేళ్ళు వార్డులో దాహాలు చూశాను. నేనైనా ఇచ్చేవాణ్ణేమో. కోపం ఆ కుర్చీ గురించి. అది ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. పోయిందని అబద్ధం రాయను. సున్నాలు రాయడం మానేశాను.

కండక్టరుగారి ఇంటికి వెళ్ళాను. వెళ్ళద్దని వకీలు చెప్పాడు. రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. ఆయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పాను. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. గుమ్మంలోనే అంతా చెప్పాను. వెనకాల గోడకి ఆయన యూనిఫారం ఇస్త్రీ చేసి తగిలించి ఉంది.

అంతా విని, "చివరికి ఆయనేమన్నాడు మీతో?" అంది.

తీసెయ్యమన్నారని చెప్పాను.

"మీరేమన్నారు?"

"ఓర్చుకోమన్నానమ్మా."

"కాఫీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి. ఎవరేం చెప్పినా ఓర్చుకునేవాడు కాదు. మీరు చెప్పారని ఓర్చుకున్నాడన్నమాట" అంది.

తలుపు మెల్లగానే వేసింది. మెట్లు దిగాక ఎటు వెళ్ళాలో తెలియక చాలాసేపు వీధిలో నిలబడ్డాను.

ఆవిడ అడిగిందే నేనూ నిన్ను అడుగుతున్నాను. అమ్మ నీళ్ళు తాగాక ఏమంది? నేను అక్కడే ఉన్నాను, నాకు తెలియదు. నిన్ను ఇంకేమీ అడగను.

నీ తమ్ముడు

*

దీవి.
జూలై 29

చిన్నోడా,

వచ్చే వాయిదాకి నేను వస్తున్నాను. సెలవు పెట్టాను. నువ్వు మాట్లాడకపోయినా పరవాలేదు, కోర్టు వరండాలో కూర్చుంటాను. నాన్న నిన్ను కాదని నన్ను పిలిచిన రోజు నేను విన్నాను. వచ్చి కూర్చున్నాను.

నువ్వడిగినదానికి జవాబు ఇది. మార్చకుండా, కలపకుండా రాస్తున్నాను.

అమ్మ ఒక్క గుక్కలో తాగలేకపోయింది. మూడుసార్లు ఆగింది. రెండోసారి ఆగినప్పుడు ఇంక చాలన్నాను. తల అడ్డంగా ఊపి చెంబుని రెండు చేతులతో పట్టుకుంది. చివరిదాకా తాగింది. పమిట చెంగుతో మూతి తుడుచుకుని, "హమ్మయ్య" అంది. దానికేమవుతుందో ఆవిడకి తెలుసురా. డాక్టరు చెప్పినప్పుడు మనకంటే ముందు విన్నది ఆవిడే. ఇది నాకు నేను సర్ది చెప్పుకోవడానికి రాయడం లేదు. తెలిసే ఇచ్చాను, తెలిసే తాగింది.

తర్వాత నీ వైపు తిరిగి చూసింది. నువ్వు కుర్చీలో ఒక పక్కకి వాలిపోయి, నోరు తెరుచుకుని పడుకున్నావు. నేను నిన్ను లేపబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేపకు. మూడు రోజుల్నించీ వాడికి సరైన నిద్ర లేదు" అంది. "మెడ పట్టేస్తుంది, తల కింద ఏదైనా పెట్టు."

నా ఓణీ మడతపెట్టి నీ తల కింద పెట్టాను. నువ్వు కదల్లేదు. అమ్మ చాలాసేపు నిన్ను చూస్తూనే పడుకుంది.

మీ అక్క